మొదటి కుర్చీ అతిథి

నవంబరు 2

వ్రాయించుకొనువారి పేరు: అందరూ పిలిచేది గంజమ్మ. లాండ్రీలో బట్టలకు గంజి పెట్టి పెట్టి ఆ పేరే మిగిలింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. వయసు: డెబ్బై దాటింది. ఎంత దాటిందో నన్ను కన్నవాళ్ళని అడగాలి. ఇంట్లో ఉండేవాళ్ళు: నేను, నా ఆడపడుచు. ఆమెకి చెవులు వినపడవు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది. మొగుడు లేడు, పిల్లలు లేరు. తమ్ముడు ఒక్కడు. ఆ తమ్ముడికే ఈ ఉత్తరం.

ఒరే చిన్నోడా,

పైన రాసిందంతా నీకు తెలియక రాయించలేదు. కింద కొట్లో దర్జీ ఈ ఉత్తరం రాస్తున్నాడు. కుట్టుపని లేనప్పుడు జనానికి అర్జీలు రాసిపెడతాడు. పేరు, వయసు, ఇల్లు పెట్టనిదే ఆయన కలం కదలదు. "తమ్ముడికి రాసేదానికి ఈ గొడవంతా ఎందుకయ్యా?" అంటే, "పెద్దమనుషులకు రాసేటప్పుడు ఉండాలమ్మా" అన్నాడు. నువ్వు పెద్దమనిషివయ్యావని నాకు తెలిసింది అలాగే.

నీ దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. అట్టముక్కలా ఉంది, అంచులకి బంగారు రంగు. నా ఆడపడుచు దాన్ని చూసి ఎవరో పోయారనుకుని ఏడుపు అందుకుంది. కాదు, ఇది భోజనానికి పిలుపు అని నేను చేతులతో చెబితే, "ఎవరి దినం?" అంటుంది. దాని సంగతి వదిలెయ్యి.

దర్జీ చదివి చెప్పాడు. నగర సేవా మిత్రమండలి వార్షిక విందట, దానికి నువ్వు అధ్యక్షుడివట. ఆ మండలి ఏం చేస్తుందని అడిగాను. ఊళ్ళో డాక్టర్లు, ప్లీడర్లు, షాపులవాళ్ళు నెలనెలా ఒకచోట చేరి భోంచేసి, తిన్నాక పేదవాళ్ళ గురించి మాట్లాడుకుంటారన్నాడు. తినకముందు మాట్లాడితే తిండి సహించదు కాబోలు.

సరే, నాకెందుకు. నీ పేరు అచ్చులో పడిందంటే దర్జీ చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. కుటుంబ సమేతంగా రావాలని కింద రాసి ఉందట. అమ్మా నాన్నా పోయాక లాండ్రీ వెనక గదిలో, ఉడుకుతున్న దుప్పట్ల ఆవిరిలో నిన్ను పెంచాను. నీ కుటుంబమంటే నేను కాక ఇంకెవరు? ఏం వేసుకుని రావాలో, ఏ బస్సెక్కాలో రాయి.

ఇట్లు మీ అక్క.

వేలిముద్ర వేద్దామంటే పడదు కదా. బట్టలుతికే సోడా నీళ్ళు నా బొటనవేలి గీతలు ఎప్పుడో తినేశాయి. అందుకని మన పాత గుర్తే గీశాను. ఇళ్ళ బట్టలు కలిసిపోకుండా లాండ్రీలో ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క గుర్తు పెట్టేవాళ్ళం. నీ బడి చొక్కా కాలరు లోపల నేను పెట్టింది గుండ్రం, లోపల రెండు చుక్కలు. ఒకటి నేను, ఒకటి నువ్వు. చొక్కా చిరిగేదాకా ఆ సిరా చెక్కు చెదరలేదు.

(గుర్తు: గుండ్రం, లోపల రెండు చుక్కలు)


నవంబరు 9

నగర సేవా మిత్రమండలి
అధ్యక్షుని కార్యాలయం

పూజ్యురాలైన అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నువ్వు క్షేమంగా ఉన్నందుకు చాలా సంతోషం. మీ మరదలు కూడా నిన్ను అడిగానని చెప్పమంది.

అక్కయ్యా, ఆ కార్డు మా గుమాస్తా అత్యుత్సాహం వల్ల వచ్చింది. నా చిరునామాల పుస్తకంలో ఉన్నవాళ్ళందరికీ పంపేశాడు. పళ్ళ పొడి అమ్మే కంపెనీకి కూడా వెళ్ళింది. నువ్వు దాన్ని పట్టించుకుని శ్రమపడవద్దు. నీ మోకాళ్ళతో అంత దూరం బస్సు ప్రయాణం ఏం బాగుంటుంది? పైగా విందు జరిగేది మేడమీద హాల్లో, మెట్లు నిటారుగా ఉంటాయి. ఉపన్యాసాలతో నీకు విసుగు పుడుతుంది. వీలు చూసుకుని నేనే వచ్చి నిన్ను చూస్తాను.

మా విందులో ఒక గొప్ప సంప్రదాయం ఉంది. నీకు తెలియడం మంచిదని రాస్తున్నాను. ప్రతి ఏటా వృద్ధాశ్రమం నుంచి నా అనేవాళ్ళెవరూ లేని ఒక అవ్వను పిలిపించి మొదటి కుర్చీలో కూర్చోబెడతాం. అధ్యక్షుడు ఏప్రన్ కట్టుకుని, గరిటె పట్టుకుని ఆమెకు స్వయంగా వడ్డిస్తాడు. ఆమె తొలి ముద్ద తినేవరకు హాల్లో ఎవరూ ప్లేటు ముట్టుకోరు. ఈ ఏడు ఆ భాగ్యం నాది. చూసేవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
నీ తమ్ముడు


నవంబరు 14

వ్రాయించుకొనువారు: గంజమ్మ. వయసూ ఇల్లూ ఇంతకుముందు రాసినవే, మారలేదు. దర్జీ మళ్ళీ రాయాలంటే కసిరాను.

ఒరే చిన్నోడా,

నా మోకాళ్ళు నీకింకా గుర్తున్నాయా! పెళ్ళయ్యాక ఇటు తొంగిచూడనివాడివి, అక్క మోకాళ్ళ గురించి ఆఫీసు కాగితం మీద రాయించావంటే మనసు మొద్దుబారలేదన్నమాట. నా మోకాళ్ళకేం రోగం? పైకప్పు కారే ఈ గదికి ఎక్కే నిచ్చెన మెట్లు మీ మేడమెట్లకంటే నిటారు. నువ్వొచ్చేదాకా కాచుకోవడం దేనికి, నేనే వస్తాను.

కార్డు గుమాస్తా పొరపాటున పంపాడన్నావు. ఆ గుమాస్తాకి నీకంటే బుద్ధుంది, పనిలోంచి తీసెయ్యకు.

ఇక ఆ వడ్డన సంగతి. నువ్వు వడ్డిస్తావా? తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టిన పాపాన పోయావా ఎప్పుడైనా? కంచం ముందుకి తోసి "అక్కా, ఉప్పు" అని అరిచేవాడివి, ఉప్పు నీ మోచేతి దగ్గరే ఉండేది. ఏడాదికోసారి ఒక ముసలిదానికి ఒక గరిటె పోసి అంతమందీ కళ్ళు తుడుచుకుంటారా? మిగతా రోజుల్లో ఆ ముసలిదానికి ఎవరు పోస్తారో కనుక్కున్నారా? పోనీలే, నీ చేతిలో గరిటె చూడాలని నాకూ ఉంది. ఆ అవ్వకి పెట్టాక నాకూ ఓ గరిటె పెట్టు.

ఏప్రన్ కొనవద్దు. దర్జీ చేత తెల్లగుడ్డతో కుట్టించాను. నేనే గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. నిలబెడితే నిలబడుతుంది. నడుంపట్టీ లోపల మన గుర్తు పెట్టాను.

(గుర్తు: గుండ్రం, లోపల రెండు చుక్కలు)


నవంబరు 19

అక్కయ్యా,

ఇది తొందరగా రాస్తున్నాను. దయచేసి రావద్దు. నేను మర్యాదకి అనలేదు, నిజంగానే రావద్దంటున్నాను. కారణం ఉత్తరంలో రాసేది కాదు, ఎదురుగా కూర్చుని చెబుతాను. నా మాట మన్నించు.

నీ తమ్ముడు


డిసెంబరు 1

వ్రాయించుకొనువారు: గంజమ్మ. వయసు ఈ నెలలో బాగా పెరిగింది. ఇల్లు అదే.

తమ్ముడూ,

రావద్దని నువ్వు రాసిన ఉత్తరం నేను బస్సెక్కాక వచ్చింది. నా ఆడపడుచు దాన్ని దాచిపెట్టి, నేను తిరిగొచ్చాక ఇచ్చింది. ఇప్పుడు దాంతో పనేముంది? జరిగింది జరిగిపోయింది. నీకు తెలిసిందే అయినా నా నోటితో చెబుతాను, విను. దర్జీకి చెప్పాను, ఒక్క మాట కూడా మెత్తబరచవద్దని.

(ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. నన్ను తప్పుపట్టవద్దని మనవి. దర్జీ.)

గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడ్డాడు. "కార్డుందా?" అన్నాడు. కార్డు ఇంట్లో గోడకి అతికించి వచ్చాను, ఎక్కడ తెచ్చేది? "మీ అధ్యక్షుడి చేత్తో తినడానికొచ్చాను, పోయి చెప్పు" అన్నాను. వాడు లోపలికి పరిగెత్తాడు. కార్యదర్శి అట, పళ్ళ డాక్టరు, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"వచ్చేశారా అవ్వా! జ్వరమని కబురొస్తే ఇక రారేమోనని మా ప్రాణాలు పోయాయి!"

"జ్వరం ఎవరికి? నా ఒళ్ళు రాయిలా ఉంది."

"మంచిది, మంచిది" అంటూ నా రెక్క పట్టుకుని మెట్లెక్కించాడు. మెట్లు మామూలుగానే ఉన్నాయి.

నేనేమనుకున్నానో తెలుసా? మా అక్క వస్తోందని నువ్వు ముందే చెప్పి పెట్టావనుకున్నాను. నా చేతిలో మూట చూసి ఆయన "ఇదేమిటి?" అంటే, "అధ్యక్షుడికి ఏప్రన్. నేనే తెచ్చాను, లోపల ఇవ్వండి" అన్నాను. "ఆహా, ఏం మనసు!" అని పక్కనున్న ఆడవాళ్ళకి చూపించాడు. వాళ్ళు నా గుండెల మీద రిబ్బన్ పువ్వు ఒకటి గుచ్చారు. సూది చర్మంలో దిగింది. నేను కిక్కురుమనలేదు, తమ్ముడి ఇంటి మర్యాద కదా అని.

మీ జనాన్ని కూడా చూశాను. ఒకడు ఇంకొకణ్ణి "సేవామూర్తీ" అంటాడు, వాడు వీణ్ణి "త్యాగమూర్తీ" అంటాడు, ఇద్దరూ పొట్టలు తగలకుండా కౌగిలించుకోలేక అవస్థపడతారు. ఒకావిడ ఆకలి గురించి పద్యం చదివింది, చదువుతూ వంటగది తలుపు వైపే చూస్తోంది. మొహానికి పౌడరు, మాటకి పంచదార. నా పక్క కుర్చీలో ప్లీడరు నాతో గట్టిగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడాడు, నా ఆడపడుచు చెవులు నాకున్నట్టు. "అ-వ్వా! తిం-టా-వా?" అన్నాడు. "నీకు పెట్టాక మిగిల్తే తింటాను" అన్నాను. ముసలిది భలే సరదా మనిషని అందరూ నవ్వారు. నా మరదలు దూరంగా కూర్చుని నన్ను చూసి, చూసిన కళ్ళు గ్లాసులో దాచుకుంది. ఖాళీ గ్లాసు అది.

అంత పెద్ద హాల్లో మొదటి కుర్చీలో కూర్చున్నాను. అక్కని మొదటి కుర్చీలో కూర్చోబెట్టాడు నా చిన్నోడు అని పొంగిపోయాను. ఆ కుర్చీ సంగతి నువ్వు రాసిందే కదా, ఆ ఆశ్రమం అవ్వ ఏదీ అని వెతుక్కోలేదు నేను. సంతోషంలో మనిషికి బుద్ధి పనిచెయ్యదు.

అప్పుడు నువ్వొచ్చావు. నేను కుట్టించిన ఏప్రన్ కట్టుకుని, సూపు గిన్నె, గరిటె పట్టుకుని వచ్చావు. లావయ్యావు. జుట్టుకి రంగేశావు. "ఏరా" అందామని నోరు తెరిచాను.

"తినండమ్మా" అన్నావు.

నన్ను మీరన్నావు. అమ్మా అన్నావు. నిన్ను ఎత్తుకుని తిప్పిన మనిషిని, దారినపోయే ముసలిదాన్ని అన్నట్టు తినండమ్మా అన్నావు. నా మొహం చూడకుండా వడ్డించబోయి సూపు బల్లగుడ్డ మీద పోశావు. ఎప్పటి అలవాటో, నీ చేతిలో గరిటె లాక్కుని నేనే పోసుకున్నాను. అంతమందీ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత మైకు పట్టుకున్నావు. "నా అనేవాళ్ళెవరూ లేని ఈ తల్లికి, నా అనేవాళ్ళెవరూ లేకుండా పెరిగిన నేను వడ్డించడం దైవనిర్ణయం" అన్నావు. ఎవరూ లేకుండా పెరిగావా? గాలికి పెరిగావా? నీ చదువు కోసం నేను ఉతికిన హోటలు దుప్పట్లు పరిస్తే మీ హాలు నుంచి నా గుమ్మం దాకా వస్తాయి.

అక్కడే లేచి అరవలేదేం అని దర్జీ అడుగుతున్నాడు. రాయవయ్యా, నీ ప్రశ్న కూడా రాయి. అరవలేదు. ఈ ముద్ద మింగేలోపు చెబుతాడు అనుకున్నాను. తీపి వచ్చేసరికి చెబుతాడు అనుకున్నాను. వందన సమర్పణలో చెబుతాడు అనుకున్నాను. నువ్వు పళ్ళ డాక్టరుకి వందనం చెప్పావు, కుర్చీలు అద్దెకిచ్చినవాడికి చెప్పావు, మైకువాడికి చెప్పావు. అంతమంది ముందు నీ తల దించడానికి నాకు నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఆఖర్న ఒక దుప్పటి చేతిలో పెట్టి నన్ను ఆశ్రమం వ్యాన్లో ఎక్కించారు. నేను ఎంత చెప్పినా డ్రైవరు వినలేదు. ఆశ్రమం ఆవిడ దీపం ఎత్తి నా మొహం చూసి, "ఈమె మా మనిషి కాదండీ" అంది. ఆవిడైనా నిజం చెప్పింది. ఆవిడే మంచం ఇచ్చి, పొద్దున్నే బస్సెక్కించింది. ఏ మండలిలోనూ లేదట ఆవిడ.

ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. వచ్చే సమావేశంలో అదే మైకు పట్టుకుని, అదే జనం ముందు, "ఆవిడ మా అక్క, నన్ను పెంచింది ఆవిడ" అని చెప్పు. ఇంకేమీ వద్దు. చెప్పి నాకు ఉత్తరం రాయి. ఆ ఒక్క మాట చాలు, మిగతాదంతా మరిచిపోతాను. నా సంగతి నీకు తెలుసు కదా, అన్న మాట తప్పను.

(గుర్తు: గుండ్రం, లోపల రెండు చుక్కలు. రెండో చుక్క పెట్టేముందు చాలాసేపు ఆగింది. దర్జీ.)


డిసెంబరు 8

నగర సేవా మిత్రమండలి
అధ్యక్షుని కార్యాలయం

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ ఉత్తరం చదివి ఎంతో బాధపడ్డాను. నీ కోపంలో న్యాయముంది. కాదనను. కానీ నా వైపు కూడా కొంచెం ఆలోచించు.

ఆ రోజు జరిగింది పూర్తిగా కార్యదర్శిగారి పొరపాటు. నేను గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చి నిన్ను చూసేవరకు నాకేమీ తెలియదు. చూసిన క్షణంలో నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆలోచించుకునే వ్యవధి ఎక్కడుంది? నోటికి వచ్చిన మాట అనేశాను. అది పరాయితనం కాదు, తొట్రుపాటు.

ఇక మైకులో చెప్పడం అనేది అనుకున్నంత తేలిక కాదు. మండలిలో చేరినప్పుడు నా జీవితం గురించి చెప్పమన్నారు. అందరూ తాతల పేర్లు, తండ్రుల పేర్లు చెబుతున్నారు. నేను లాండ్రీ వెనక గది అని ఎలా చెప్పను? అనాథను, నా అంతట నేనే పైకొచ్చాను అన్నాను. అది వాళ్ళకి ఎంతో నచ్చింది. బళ్ళల్లో పిల్లలకి చెప్పించారు. నన్ను అధ్యక్షుణ్ణి చేసింది ఆ మాటే. ఇప్పుడు కాదంటే నా ఒక్కడి పరువే కాదు, మండలి పరువు కూడా పోతుంది. మీ మరదలికి ఇప్పటికే నిద్ర పట్టడం లేదు.

నీ మీద ప్రేమ లేదనుకోకు. వంటగదిలో కట్టుకోబోతూ ఆ ఏప్రన్ మడత విప్పి, పట్టీ లోపల మన గుర్తు చూసినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. దాన్ని బీరువాలో భద్రంగా దాచుకున్నాను.

ఒక చిన్న సాయం కావాలి. ఈ ఏటి ఉత్తమ మండలి పురస్కారానికి మా పేరు పరిశీలనలో ఉంది. అతిథి దగ్గర్నుంచి కృతజ్ఞతా పత్రం జతచేయాలి. ఇందుతో పంపుతున్నాను. తనకు రక్తసంబంధీకులెవరూ లేరని, మండలి ఆదరణకు రుణపడి ఉంటానని రెండు వాక్యాలే. కింద నీ వేలిముద్ర వేసి పంపు చాలు. ఊరికే కాగితం మీది మాట, మన మధ్య ఏం మారుతుంది? కొత్త సంవత్సరంలో తప్పకుండా వచ్చి నీ కాళ్ళ దగ్గర కూర్చుంటాను. కారుతున్న పైకప్పు కూడా బాగుచేయిస్తాను.

విందు ఫోటో పత్రికలో వచ్చింది, కత్తిరించి ఇందులో పెట్టాను. నువ్వు గరిటె పట్టుకున్నది. చాలా బాగా పడ్డావు.

ఇట్లు,
నీ తమ్ముడు


డిసెంబరు 13

వ్రాయించుకొనువారి పేరు: గంజమ్మ. వయసు: డెబ్బై దాటింది. ఇంట్లో ఉండేవాళ్ళు: నేను, నా ఆడపడుచు. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఈసారి ఇవన్నీ రాయమని దర్జీకి నేనే చెప్పాను. ఇది పెద్దమనుషులకు రాసే కాగితం.

నగర సేవా మిత్రమండలి అధ్యక్షుడుగారికి,

మీరు పంపిన కాగితం అందింది. దర్జీ దాన్ని ముందు తనలో తాను చదువుకుని, బయటికి చదవనని మొండికేశాడు. చదవకపోతే ఇంకో దర్జీని చూసుకుంటానన్నాక చదివాడు.

దానికి నేను చెప్పేది ఇది.

నన్ను చూసేదాకా ఏమీ తెలియదన్నారు మీరు. వంటగదిలో కట్టుకోబోతూ ఏప్రన్ మడత విప్పి గుర్తు చూశాననీ మీరే అన్నారు. ఆ రెండూ ఒకే ఉత్తరంలో, ఒకే చేత్తో రాశారు. హాల్లోకి రాకముందే నేనొచ్చానని నీకు తెలుసు. కొట్టెయ్యవయ్యా దర్జీ, నీకు కాదు, మీకు తెలుసు. తెలిసి, ఆ గుర్తు పొట్టకి ఆనించుకుని, ముడి బిగించి, నవ్వు పెట్టుకుని వచ్చి తినండమ్మా అన్నారు. కార్యదర్శి పొరపాటు గేటు దగ్గర అయిపోయింది. వంటగదిలో జరిగింది పొరపాటు కాదు. వంటగది తలుపు నుంచి నా కుర్చీ దాకా నడిచేంత వ్యవధి ఉంది మీకు. నేను కూర్చున్నచోటి నుంచి చూశాను, మీరు నెమ్మదిగానే నడిచారు.

నాకు కోపం లేదు. కోపం మనవాళ్ళ మీద వస్తుంది. నాకు రోత పుట్టింది, అంతే. లాండ్రీలో ఆస్పత్రి గుడ్డలు ఉతికాను. వాటిల్లో ఏముండేదో చెబితే మీ మండలి వారం రోజులు అన్నం తినదు. వాటికి కూడా నేను మొహం తిప్పుకోలేదు. మీ ఫోటో చూసి తిప్పుకున్నాను.

కాళ్ళ దగ్గర కూర్చుంటామన్నారు. నా కాళ్ళ దగ్గర కుక్క పడుకుంటుంది, చోటు లేదు. పైకప్పు దర్జీ, నేనూ కలిసి రేకు కొట్టుకున్నాం. నా ఆడపడుచు నిచ్చెన పట్టుకుని, పట్టుకున్నంతసేపూ తిడుతూనే ఉంది. మీ దుప్పటి మీద మీ మండలి పేరు కుట్టి ఉంది. దాన్ని గుమ్మంలో వేశాను. వచ్చేవాళ్ళు కాళ్ళు తుడుచుకుంటున్నారు. బాగా తుడుస్తోంది, ఆ మాటకి కృతజ్ఞతలు.

నా వేలిముద్ర అడిగారు. పడదని చెప్పాను, ఎందుకు పడదో కూడా చెప్పాను. ఆ గీతలు మీ బడిలో ఖర్చయ్యాయి. వెళ్ళి అక్కడ వెతుక్కోండి.

మీ కాగితంలో రెండు వాక్యాలున్నాయి. రుణపడి ఉంటాననే వాక్యం అబద్ధం. దాని కింద నా గుర్తు పెట్టను. ఆ కాగితాన్ని దర్జీ కత్తెరతో కత్తిరించి, కోటు భుజం కొలతకి నమూనా చేసుకున్నాడు. ఇక రక్తసంబంధీకులెవరూ లేరనే వాక్యం. పోయిన నెలలో అయితే అబద్ధమే. ఇప్పుడు నిజం. ఒప్పుకుంటున్నాను. తోడబుట్టినవాడు ఒకడుండేవాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే నా కొంగు పట్టుకుని వదిలేవాడు కాదు, ఇస్త్రీపెట్టె బొగ్గుల వెలుతురులో పాఠాలు చదివేవాడు, ఉప్పు పక్కనే ఉన్నా నన్నే అడిగేవాడు. వాణ్ణి మీ విందులో వంటగదికీ మొదటి కుర్చీకీ మధ్య పోగొట్టుకున్నాను. అంతమంది చూస్తుండగా పోయాడు. ఒక్కరూ పట్టుకోలేదు.

మీ పురస్కారానికి అతిథి రాసిచ్చిన కాగితం కావాలి కదా. ఇదే ఆ కాగితం. మీకు కావలసిన వాక్యం ఇందులో ఉంది, కింద నా గుర్తు ఉంది, సాక్షులున్నారు. పై నుంచి కింది దాకా మొత్తం జతచేసి పంపండి. కత్తిరించవద్దు. పంపకపోతే అది మీ ఇష్టం. నేనెవరికీ పంపను. నాకు మీ మండలిలో తెలిసినవాళ్ళు లేరు.

ఏప్రన్ బీరువాలో దాచవద్దు. గంజి పెట్టిన గుడ్డని మడిచి ఉంచితే మడత దగ్గర చిరుగుతుంది. వచ్చే ఏడు కట్టుకునేవాడికి ఇవ్వండి. లోపలి గుర్తు ఎవరిదని అడిగితే ఏం చెబుతారో మీరే ఆలోచించుకోండి. అది ఉతికితే పోదు.

ఇది నేను చెప్పగా రాసింది, చదివి వినిపించగా విని ఒప్పుకున్నది.

గుర్తు: గుండ్రం, లోపల ఒక చుక్క.

సాక్షులు:

కింది కొట్టు దర్జీ. రెండో చుక్క మరిచిపోయారా అని అడిగాను. లేదన్నది.

ఇంట్లో ఉండే ఆడపడుచు. చెవులు వినపడవు. చదివి చూపిస్తానంటే అక్కర్లేదన్నది, వదిన మొహం చూస్తే తెలిసిందన్నది. తన వేలిముద్ర గీతలన్నీ స్పష్టంగా పడ్డాయి.